నాలుగు వేళ్ళ మడత

రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే కూతురు సంచీ మూల పడేసి పీట ఎక్కేది. తల్లి మెడలో వేలాడే టేపు తీసి కొలిచేది. ఆవిడ దర్జీ. మామూలు దర్జీ కాదు, ఆవిడ వేసిన కుట్టులో చీమ దూరాలన్నా నెల్లాళ్ళు పస్తుండి చిక్కిపోవాలి.

"ఇవాళ ఎంతమ్మా?"

"అర అంగుళం తగ్గావు. కదలకు."

ఐదో తరగతి వరకూ ఆ పిల్ల నిట్రాటలా ఉండేది. బడిగంట కొట్టేదీ తనే, పై అరలోంచి సుద్దముక్కలు దించేదీ తనే. ఆరో తరగతికి పెద్దబడిలో వేశారు. అక్కడ మెట్లెక్కి క్లాసుకి చేరేసరికి పొద్దున తిన్నది అరిగి మళ్ళీ ఆకలేసేది. ఒక్క టీచరు బదులు ఏడుగురు, ఏడుగురిలో ఒక్కరికైనా పిల్ల మొహం గుర్తుండేది కాదు. మొదటి వారంలోనే తగ్గడం మొదలైంది.

ఎవరూ గుండెలు బాదుకోలేదు. బస్సు డ్రైవరు మెట్టు కింద ఇటుక వేశాడు. క్లాసు టీచరు, పెన్సిళ్ళు సగానికి కోసి పంపమని డైరీలో రాసింది. అమ్మమ్మ అయితే పిల్ల స్నానానికి బకెట్టు మానేసి చెంబుకి దిగింది.

తల్లి తనకి చేతనైన సాయం చేసింది. కూతురు వదులు గౌనులో నవ్వులపాలు కాకూడదని రోజూ బిగించి కుట్టేది. లోపల గుడ్డ మిగిలి ఉబ్బెత్తుగా కనిపిస్తే ఆవిడ ప్రాణం ఒప్పదు, కత్తిరించి పారేసేది. ఎదిగే పిల్లలకని అంచున వదిలే నాలుగు వేళ్ళ మడత కూడా కత్తెరకే పోయింది. రెండు నెలల్లో పిల్ల కుట్టుమిషను బల్లంత అయింది.

ఒకనాడు ఆస్పత్రి పరదాల పని వచ్చిపడింది. వెయ్యి పరదాలు, తక్కువైతే ఒకటో రెండో తక్కువ. మూడు రోజులు గౌను ముట్టుకోవడానికే కుదరలేదు. పిల్ల అలాగే వెళ్ళొచ్చింది. కొలిచి చూస్తే మూడు రోజుల్లో వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

తల్లి టేపు సరిచేసి మళ్ళీ కొలిచింది. అంతే ఉంది.

"నువ్వెంత చోటిస్తే అంతలోకి సర్దుకుంటోందే నీ కూతురు," అంది అమ్మమ్మ.

"ముందే చెప్పొచ్చుగా అమ్మా."

"నువ్వు కత్తెర కింద పెడితేగా, మాట చెవినెక్కేది."

గౌను విప్పదీస్తే, వదలడానికి లోపల నూలుపోగంత గుడ్డ లేదు. తల్లి కొత్త గుడ్డ తెచ్చి, బడి తెరిచినప్పుడు కాగితం మీద రాసుకున్న పాత కొలతకి కుట్టింది. అంచున నాలుగు వేళ్ళ మడత వదిలింది. తొడిగితే డేరాలో దూరిన పిల్లిపిల్లలా ఉంది.

"అందరూ నవ్వుతారమ్మా."

"నవ్వుతారు. గౌను ఎత్తిపట్టుకుని మెట్లెక్కు."

"మళ్ళీ నాకిది ఎప్పుడు సరిపోతుంది?"

తల్లి వంగి అంచు మడతకి ఇంకో గుండుసూది గుచ్చింది.

నవ్వారు. ఆ నవ్వులకి బడి గోడలు మూడుచోట్ల బీటలిచ్చాయి. పోయిన ఎత్తు మాత్రం తిరిగి రాలేదు. ఆరో తరగతి గడిచింది, ఏడు గడిచింది, పిల్ల మిషను బల్లంతే ఉంది. అంతకన్నా తగ్గనూ లేదు.

టేపు ఇప్పుడు మేకుకి వేలాడుతోంది. ఏటా గౌను అరిగిపోగానే తల్లి ఆ పాత కాగితమే తీసి, ఆ కొలతకే మరొకటి కుడుతుంది. అంచున మడత మాత్రం నాలుగు వేళ్ళకి తగ్గనివ్వదు.