ఎడమ వెనక చక్రం కింద

ఇరవై ఏళ్ళుగా తలుపులూ బీరువాలూ చేసి, ఒక్కరి చేతా మాట పడని వడ్రంగికి చివరికి తన పనిముట్టు పేరే తిట్టుపేరై కూర్చుంది. చుట్టాల్లోనూ, వీధిలోనూ, కలప అడితిలోనూ అందరూ ఆయన్ని 'రసమట్టం' అనేవారు. మొహం మీద అనేవాళ్ళు కొందరు, వెనకాల అనేవాళ్ళు అందరూ. రసమట్టం అంటే తెలుసుగా, గాజు గొట్టంలో బుడగ ఉంటుంది. అది సరిగ్గా నడిమికొస్తే పలక మట్టంగా ఉన్నట్టు, పక్కకి జరిగితే వాలినట్టు.

ఆ పేరు పెట్టింది పరాయివాడైతే సరిపెట్టుకునేవాడే. పెట్టింది స్వయానా తోడల్లుడు, మరదలి మొగుడు. మెకానిక్కు. ఒకప్పుడు ఇద్దరూ కలిసి ఓ షెడ్డు పెట్టారు. సరుకుల వ్యాన్లని తిరిగే ఇళ్ళుగా మార్చడం వాళ్ళ పని. ఇంజనూ కరెంటూ మెకానిక్కువి, మంచమూ బల్లా అరలూ వడ్రంగివి. మూడేళ్ళ కిందట వాళ్ళ తొలి బండి, నీలం రంగుది, అప్పగించిన రోజున దాని యజమాని ముచ్చటపడి బల్ల మీద టీ గ్లాసు పెట్టాడో లేదో, అది జర్రున జారి ఆయన ఒళ్ళో పడింది. చూస్తే బల్లే కాదు, మంచమూ అరలూ అన్నీ ఒకే మూలకి వాలిపోయి ఉన్నాయి.

అత్తగారి ముందర, వీధిలోవాళ్ళ ముందర మెకానిక్కు పొట్ట పట్టుకుని నవ్వాడు. కదలని ఇంట్లో పెట్టుకునే రసమట్టాన్ని కదిలే బండిలో పెట్టి కొలిచిన మొనగాడు మా అన్నయ్యొక్కడే అన్నాడు. వడ్రంగికి తల తీసేసినట్టయింది. షెడ్డు నేల వాలుగా ఉందేమో, బండి గచ్చు చూసి కొలవకుండా బుడగని నమ్మి చెడ్డానని తనే ఒప్పుకున్నాడు. నెల తిరక్కుండానే షెడ్డు బోర్డు మీద ఆయన పేరు ఉన్న సగానికి సున్నం పడింది. రసమట్టం పనిముట్ల పెట్టె అడుగుకి పోయింది.

అన్నిటికంటే గుచ్చుకున్నది ఒకటుంది. ఆ మరుసటి ఏడు అత్తగారు బీరువా చేయించుకోవాల్సొచ్చి, ఇంట్లో వడ్రంగి అల్లుణ్ణి పెట్టుకుని బయటివాణ్ణి పిలిపించింది. ఆ బీరువా తలుపు తిన్నగా మూతపడదు. వెళ్ళిన ప్రతిసారీ అది నోరు తెరుచుకుని కనబడుతుంది. పోయిన తన పేరు ఆ ఇంట్లో మళ్ళీ నిలబడాలి. ఆయనకి కావాల్సింది అదొక్కటే.

ఇలా ఉండగా మెకానిక్కు తనకోసం ఓ వ్యాను కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే రకం. బురదని లెక్కచెయ్యదనీ, రాళ్ళగుట్టలు ఎక్కేస్తుందనీ కనబడినవాడికల్లా డప్పు కొట్టాడు. దాన్ని ఇల్లుగా మార్చి, పెళ్ళాన్ని ఎక్కించుకుని కొండదారి పట్టాలని కోరిక. అయితే వాడి దగ్గరున్న పనివాడికి ప్లైవుడ్డుకి మేకులు కొట్టడమే వచ్చు. వంపు తిరిగిన రేకు గోడలకి చెక్కని ఒదిగించడం వాడి తరం కాదు. మరదలేమో బావ చేస్తేనే బండెక్కుతానని మొండికేసింది. ఆమే స్వయంగా వచ్చి అడిగింది. వడ్రంగి భార్య తన చెల్లెలికి మంచినీళ్ళైతే ఇచ్చింది గానీ మూతి మాత్రం ముడుచుకునే ఉంది. వడ్రంగి సరే అన్నాడు. శుభ్రంగా పని చేసి చూపించి వాడి నోరు మూయించాలని తప్ప, అప్పటికి ఆయన మనసులో ఇంకేమీ లేదు.

పది రోజుల్లో గచ్చు పలకలూ, గోడల చెక్కలూ అయ్యాయి. ఇక మంచమూ బల్లా అరలూ మొదలుపెట్టాలి. నీళ్ళ ట్యాంకు కింద ఎత్తు పెట్టడానికి ఓ ముక్క కావాల్సొచ్చి, వెల్డింగ్ మిషను వెనక చెత్తలో చెయ్యి పెట్టాడు. నాలుగు వేళ్ళ మందాన ఓ దిమ్మ తగిలింది. బయటికి తీసి చూస్తే తన దిమ్మే. ఎవరి చేతిపని వాళ్ళకి తెలియదా? నీలం బండి మంచానికి కోళ్ళు కోయగా మిగిలిన ముక్క అది. దాని పక్కలంతా ఆ బండికి రంగు కొట్టినప్పుడు పడ్డ నీలం తుంపర. పై ముఖం మీద, నడిమధ్యన, టైరు గళ్ళు అచ్చుగుద్దినట్టు దిగబడి ఉన్నాయి.

వడ్రంగి దిమ్మని వెలుతురులోకి తిప్పి చూశాడు. ఆ నీలం బండిని షెడ్డులో నిలబెట్టింది మెకానిక్కే. బ్రేకు పట్టట్లేదు, ఎడమ వెనక చక్రానికి అడ్డు పెట్టాను, కదిలించొద్దన్నాడు. పైన గోనెపట్టా కూడా కప్పాడు. అడ్డంటే చక్రానికి ముందో వెనకో ఉండాలి. దిమ్మ నడిమధ్యన అచ్చు పడిందంటే చక్రం దీన్నెక్కి కూర్చుందన్నమాట. వాలింది బండి. బుడగ నిజమే చెప్పింది. పోనీ పొరపాటున ఎక్కిందనుకుందామా? అప్పగింత రోజు పొద్దున్నే కడిగించుకొస్తానని బండిని బయటికి తీసిందీ వాడే. అంత ఎత్తు మీంచి చక్రం దబ్బున దిగితే తోలేవాడికి తెలియదా? తెలిసే దింపాడు, దింపి దిమ్మని దాచాడు. వచ్చినవాళ్ళంతా చెక్కపని చూసి వడ్రంగినే మెచ్చుకుంటుంటే వాడికి కన్ను కుట్టింది, అంతే సంగతి.

మూడేళ్ళు. తన తప్పు కాని తప్పుకి మూడేళ్ళు తలొంచుకు తిరిగాడు. ఇప్పుడే వెళ్ళి వాడి గల్లా పట్టుకుందామనుకున్నాడు గానీ, పట్టుకుంటే ఏమవుతుంది? చెక్కముక్కని చూసి మళ్ళీ నవ్వేస్తాడు. నవ్వలేని చోట పట్టుకోవాలి వాణ్ణి. దిమ్మని తువ్వాల్లో చుట్టి సంచిలో వేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మెకానిక్కు సామాన్లకని బజారుకెళ్ళాడు. వడ్రంగి జాకీ వేసి, ఎడమ వెనక చక్రం లేపి, దిమ్మ తోసి, నిదానంగా దించాడు. పొట్టు పడకుండానన్నట్టు నాలుగు చక్రాల మీదా గోనెపట్టాలు కప్పాడు, అప్పుడు వాడు కప్పినట్టే. తర్వాత పెట్టె అడుగునుంచి రసమట్టం తీసి తుడిచాడు. ఆ రోజు మొదలు ప్రతి పలకా బుడగ చూసే బిగించాడు. ఒక్కో అతుకులో వెంట్రుక దూరదు. ఊడబీకాలంటే చెక్క పగలాల్సిందే. పగతో చేశాడు కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని మరీ చేశాడు.

ఓ రోజు మరదలు టీ తెచ్చి, బల్ల అంచు నిమిరి, బావ చెయ్యి పడితే చెక్కకి ప్రాణమొస్తుందంది. ఈ పిల్లేం పాపం చేసిందని ఆయన మనసు ఒక్క క్షణం పీకింది. పీకితే పీకనీ అనుకున్నాడు, దిమ్మ తియ్యలేదు.

మెకానిక్కు తొంగి చూసి పళ్ళికిలించాడు. "ఏంటన్నయ్యా, ఇంకా ఆ బుడగనే నమ్ముకున్నావా?"

"అది అబద్ధమాడదు తమ్ముడూ," అన్నాడు వడ్రంగి.

వాడు ఈల వేసుకుంటూ పోయాడు. ఈసారి కింద దిమ్మ లేదు కదా, అన్నీ తిన్నగానే వస్తాయని వాడి ధీమా.

ఆదివారం పొద్దున అందరికంటే ముందొచ్చి, వడ్రంగి దిమ్మ తీసేసి, బండిని చదునైన సిమెంటు వాకిట్లో నిలిపాడు. అత్తగారు వచ్చింది, అక్కచెల్లెళ్ళొచ్చారు, అడితి యజమానీ వీధిలో నలుగురూ వచ్చారు. మెకానిక్కు ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకుని బండెక్కి, దర్జాగా బల్ల ముందు కూర్చున్నాడు. పాత ముచ్చట ఎవరూ ఎత్తకపోయినా వాడి నోరు ఊరుకుంటుందా? మా అన్నయ్య చేసిన బల్లకి టీ పరీక్ష పెట్టాల్సిందేనని గ్లాసు తెప్పించి, తన చేత్తోనే పెట్టాడు.

జర్రున జారి తెల్లచొక్కా మీద పడింది.

వాకిట్లో ఎవరో 'రసమట్టం' అని కిసుక్కుమన్నారు. మెకానిక్కు మాత్రం నవ్వలేదు. గ్లాసు ఏ మూలకి జారిందో వాడికి అర్థమైంది. వడ్రంగి తువ్వాలు విప్పి దిమ్మని బల్ల మీద పెట్టాడు.

"ఎడమ వెనక చక్రం కింద పెట్టు, అన్నీ మట్టానికొస్తాయి. నీకు తెలిసిన దిమ్మేగా. మూడేళ్ళ కిందట పెట్టినవాడివి నువ్వే."

ఆపైన టైరు అచ్చూ, నీలం తుంపరా, గోనెపట్టా, పొద్దున్నే కడిగింపూ, అన్నీ అందరికీ వినబడేలా పూసగుచ్చినట్టు చెప్పాడు. గొంతు పెంచలేదు. మెకానిక్కు బ్రేకు పట్టకే పెట్టానని నసిగాడు.

"మరి దింపినప్పుడు ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది వాడి పెళ్ళాం.

వాడు చొక్కా మీది టీ దులుపుకున్నాడు. ఆమె కళ్ళనీళ్ళు తుడుచుకుని, దిమ్మ తీసి మొగుడి చేతిలో పెట్టింది. "దిగి పెట్టండి."

టీ కారుతున్న చొక్కాతోనే వాడు జాకీ వేసి, మోకాళ్ళ మీద కూర్చుని దిమ్మ తోశాడు. వడ్రంగి పైన నిలబడి రసమట్టం చూస్తూ, ఇంకొంచెం లోపలికి, ఇంకొంచెం అని చెప్పాడు. బుడగ నడిమికొచ్చింది. మరదలు ఇంకో గ్లాసు నిండా పోసి పెడితే అంగుళం కదల్లేదు. నాలుగు చక్రాలూ లాగే ఆ బండి ఎంత దూరమైనా పోనీ, చదునైన చోట ఆగిన ప్రతిసారీ వాడు ఆ దిమ్మ పట్టుకుని మోకాళ్ళ మీదికి దిగాల్సిందే. ఇందాక కిసుక్కుమన్నవాళ్ళు వంగి చక్రం కింద దిమ్మని చూశారు. వడ్రంగికి ఒంట్లోంచి జ్వరం దిగినట్టయింది.

అత్తగారు మెల్లగా దగ్గరికొచ్చింది.

"పెద్దల్లుడు గారూ, మా బీరువా తలుపు మూతపడట్లేదు. ఓసారి వచ్చి చూస్తారా?"

"రేపు పొద్దున్నే వస్తానత్తయ్యా."

"వచ్చేటప్పుడు ఆ రసమట్టం కూడా తెచ్చుకోండి," అందావిడ, తల దించుకుని.

వడ్రంగి పెట్టె తెరిచాడు. ఉలీ చిత్రికా సుత్తీ సర్ది, రసమట్టాన్ని అన్నిటికంటే పైన పెట్టుకున్నాడు.