అప్పడాల మీద పచ్చరంగు

బీరువా కొనుక్కున్నవాళ్ళ ఇంట్లో ఉండాల్సిన రంగు మా ఇంట్లో ఎందుకుండాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తెనాలిలో మా పెరటి గోడ అవతల ఖాళీ స్థలం ఉండేది. కొల్లిపర ఆసామి బసవేశ్వరరావు దాన్ని కొని, డెబ్భై నాలుగులో ఇనప బీరువాల షెడ్డు పెట్టాడు. పొద్దున్నే మిషను మొదలవుతుంది. గొట్టంలోంచి పచ్చరంగు పొగలా చిమ్ముతారు. కొంత బీరువాకి అంటుతుంది, మిగతాదంతా గోడ దాటి మా పెరట్లో దిగుతుంది. ఆరేసిన పంచెలు, నీళ్ళ కాగు, ఆఖరికి మా గేదె వీపు కూడా పచ్చపచ్చగా తయారయ్యాయి.

మా ఆయన రైసుమిల్లులో గుమాస్తా. ఆ జీతానికి తోడుగా నేను మినప అప్పడాలు ఒత్తి కొట్లకి వేసేదాన్ని. అప్పడాల సంగతి అలా ఉంచండి, మా తులసికి దగ్గు పట్టుకుంది. ఆరేళ్ళ పిల్ల. మిషను మోగితే ఎగశ్వాస, ఆదివారం షెడ్డు మూస్తే గంతులు. డాక్టరు చూసి, ఆ వాసనకి దూరంగా ఉంచమన్నాడు. ఉన్న ఇల్లే అక్కడైతే పిల్లని ఎక్కడ ఉంచను, నా నెత్తి మీదా?

బసవేశ్వరరావు దగ్గరికి వెళ్ళాను. "అన్నయ్యగారూ, ఆ రంగేదో నాలుగు గోడల మధ్య వేయించుకుని, పైకి పొడుగాటి గొట్టం పెట్టించండి. పిల్లకి ఊపిరాడటం లేదు" అని బతిమాలాను.

"తలుపులేసుకో చెల్లెమ్మా. కొన్నాళ్ళకి అలవాటైపోద్ది" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ఊపిరాడకపోవడం కూడా అలవాటు చేసుకోవాలట.

మునిసిపాలిటీలో అర్జీ పెట్టాను. కాళ్ళరిగేలా తిరిగాక ఇన్‌స్పెక్టరు సంజీవరావు వచ్చాడు. వచ్చినవాడు ముందు షెడ్డుకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని కాఫీ తాగి, అప్పుడు తీరుబడిగా మా పెరట్లోకి వచ్చాడు. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గుతున్న పిల్లని చూడలేదు. మంచం మీద ఆరేసిన అప్పడాలు మాత్రం చూశాడు. ఒకటి తీసి ఎండకి పట్టాడు. దాని నిండా పచ్చటి చుక్కలు.

"ఇవి అమ్ముతావా అమ్మా?"

"ఎట్లా అమ్ముతానండి? రంగు పడకుండా ఆరేసుకునే చోటు లేకనే గదండీ మీ చుట్టూ తిరిగింది."

"ఇది విషం. కడుపులోకి పోతే ప్రమాదం. కొట్లకి వెళ్ళకూడదు" అని బంట్రోతుని కేకేశాడు. వాడు నా అప్పడాలన్నీ ఎత్తుకెళ్ళి మురిక్కాలవలో పోసి, మీద ఫినాయిలు గుమ్మరించాడు. నా చేతులు విరిగేలా ఒత్తిన అప్పడాలు.

ఏడుపు ఆపుకుని అడిగాను. "విషమని మీ నోటితోనే అన్నారు గదండీ. మరి ఆ మిషను ఆపించండి."

"ఆయనకి లైసెన్సుందమ్మా. తినేదాంట్లో కల్తీ ఉంటే పారబోయించడానికి చట్టముంది. పీల్చే గాలికి లేదు. నన్నేం చెయ్యమంటావు?"

ఇదంతా ఆ జేబురుమాలు తియ్యకుండానే చెప్పాడు.

తులసిని రెక్క పట్టుకుని తెచ్చి ఆయన ముందు నిలబెట్టాను. రొప్పుతోంది పిల్ల. జుట్టు మీద పచ్చటి పొడి.

"ఆ అప్పడాల మీద పడ్డదే దీని మీదా పడిందండి. మీకు చట్టముంది గదా, దీన్నెక్కడ పారబోస్తారు?"

ఆయన పిల్ల వంక చూశాడు. జేబురుమాలు కిందికి దించాడు. ఏదో అనబోయాడు. అంతలో అవతల మిషను మోగింది. మళ్ళీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు తులసిని రేపల్లెలో మా అమ్మ దగ్గర దింపి వచ్చాను. నా కొంగు వదలనని ఏడ్చింది. మా సందులోంచి నేను తీసేయగలిగింది దాన్నొక్కదాన్నే. షెడ్డు మాత్రం ఉన్నచోటే ఉంది.