పిట్టల వాటా

మామగారికి మాటంటే మహా పొదుపు. లేతు మిషను మీద మంచంకోళ్ళు, కుర్చీకాళ్ళు, గరిటెల పిడులు తిప్పీ తిప్పీ, చెక్కపొట్టుతో పాటే మాటలు కూడా ఏనాడో రాలిపోయి ఉంటాయని అత్తగారు అంటూ ఉంటుంది. అలాంటి మనిషి, కట్టు కట్టిన కుడిచేతిని గుండెకు ఆనించుకుని వంటింటి గడపలో నిలబడి, "ఈసారి జాడీ నువ్వు పెట్టు" అన్నాడు కోడలితో.

కోడలు తోముతున్న గిన్నె తోముతున్నట్టే పట్టుకుని ఉండిపోయింది. ఆమె ఈ ఇంటికి వచ్చి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో బీరువా తాళాలు చేతికొచ్చాయి, వంటిల్లు చేతికొచ్చింది. జాడీ మాత్రం రాలేదు. సామాన్ల గదిలో ఎండ తగలని మూల, నడుమెత్తున, మెడ దగ్గర పెచ్చు లేచిన ఆ పింగాణీ జాడీలో మామగారు ఏటేటా ద్రాక్ష సారా పెడతాడు. కన్నకొడుకుని కూడా దాని మూత ఎత్తనివ్వడు.

"నన్నెప్పుడూ అడగలేదేం నాన్నా?" అన్నాడు కొడుకు. బస్సు నడిపే ఉద్యోగం అతనిది. డ్యూటీ దిగి వచ్చి అప్పుడే చొక్కా విప్పుతున్నాడు.

"నువ్వు తాగేవాడివి. పెట్టేవాడివి కాదు" అన్నాడు మామగారు. అంతే. వెళ్ళిపోయాడు.

జాడీ అయితే వచ్చింది గాని, అందులో వెయ్యడానికి పళ్ళే కరువయ్యాయి. పెరటి ద్రాక్ష పందిరి పూత మీద ఉండగా ఒక గాలివాన కొట్టి పువ్వంతా రాల్చేసింది. మామూలుగా జాడీకి పోను ఇరుగుపొరుగుకు పంచినా మిగిలేవి. ఈసారి కోసి చూస్తే ఒక్కటంటే ఒక్క బుట్ట. అందులోనూ పందిరి నెత్తిన ఒక గుత్తిని మామగారు కోయనివ్వలేదు. అది పిట్టల వాటా. కాపు పండినా ఎండినా ఒక గుత్తి వాటికి వదలడం ఆయన పద్ధతి. ఎందుకని ఎవరైనా అడిగితే, "పురుగుల్ని తిన్నదెవరు?" అంటాడు.

ఇక ఆ బుట్టెడు పళ్ళ మీద అత్తగారి కన్ను పడింది. ఆవిడకు నోట్లో ఉన్న పళ్ళన్నీ ఆ నెలలోనే పీకించారు. చిగుళ్ళు మానితే గాని కట్టుడుపళ్ళు పెట్టనన్నాడు డాక్టరు. అందాకా ఆవిడ బతుకంతా జావలూ, చల్లటి పళ్ళ ఐసూ. పాలు కలపని ఈ ఐసు చెయ్యడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. పుచ్చకాయ, అనాస, జామ, ఏ పండు దొరికితే ఆ పండు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని కోడలి చేత చేయిస్తోంది.

"జాడీకి ఇంకో ఏడు ఆగే ఓపికుంది. నా నోటికి లేదు" అంది అత్తగారు.

"ఊరుకో అమ్మా. పళ్ళు లేనివాళ్ళకి పళ్ళ మీద ఆశేమిటి?" అన్నాడు కొడుకు.

"నీకు పాలపళ్ళు కూడా లేనప్పుడు నేను ఆపూటకి ఆపూట మెత్తగా చేసి పెట్టలేదురా? అప్పుడిలా లెక్కలు తీశానా?"

అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో ఇరుక్కుంది కోడలు. మామగారే తీర్పు చెప్పాడు. "మెత్తగా పిండు. వచ్చిన రసం మీ అత్తకి. పిప్పి జాడీకి. పంచదార నీళ్ళు పోస్తే తోలులో ఉన్న సారం దిగుతుంది. పలచగా ఉంటుంది. అయినా సారాయే."

ఆదివారం పొద్దున్నే పని మొదలుపెట్టింది. పళ్ళను గుడ్డలో వేసి పిండింది. రసంలో చల్లార్చిన పాకం కలిపి, నిమ్మచెక్క పిండి, చెంచాతో అత్తగారి నాలుక మీద వేసింది.

"ఇంకాస్త తియ్యగా ఉండాలే. చల్లబడితే నాలుక్కి తీపి తక్కువ తెలుస్తుంది. అలాగని ఎక్కువ పోశావో, గడ్డకట్టక జారిపోతుంది. మనుషుల్లాగే, మరీ తియ్యగా ఉంటే నిలవరు."

వెడల్పాటి పళ్ళెంలో పోసి ఫ్రీజర్లో పెట్టింది. అంచులు కట్టగానే తీసి ఫోర్కుతో గీకాలి, మళ్ళీ పెట్టాలి, మళ్ళీ గీకాలి. గీకుడు తప్పితే రాయి. తప్పకుండా గీకితే నోట్లో వేసుకోగానే కరిగే ఊదారంగు మంచుపొడి.

ఈ గీకుడుకీ గీకుడుకీ మధ్య జాడీ పని. సరిగ్గా అక్కడే ఆమె చెయ్యి ఆమెకు తెలియకుండానే అలవాటు దారి పట్టింది. ఆస్పత్రిలో ఆపరేషన్ గదికి కత్తులూ కత్తెరలూ ఉడికించి ఇచ్చే పని ఆమెది. ఇంట్లోనూ అంతే. పీట, గుడ్డ, గరిటె, సీసా, దేనికైనా ముందు మరిగే నీళ్ళ స్నానం. 'ఈ ఇంట్లో ఇంకా ఉడకనివి నా చెప్పులొక్కటే' అని మొగుడు ఊళ్ళో చెప్పుకు తిరుగుతాడు. జాడీని మరిగే నీళ్ళతో కడిగింది. తెడ్డును కడిగింది. చివరకు పిప్పి వైపు చూసింది. తోళ్ళ మీద బూడిద పూసినట్టు తెల్లటి పొర, నడుమ సాలెగూడు పోగు, ఓ చచ్చిన చీమ. చూస్తూ చూస్తూ ఇదెలా వేస్తుంది? చిల్లుల గిన్నెలో పోసి, కెటిలెత్తి మరిగే నీళ్ళు ధారగా పోసింది. తృప్తి చాలక మరోసారి పోసింది. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం.

తర్వాత అన్నీ చెప్పినట్టే చేసింది. పంచదార నీళ్ళు పోసి, తన గుండెల దాకా వచ్చే మామగారి తెడ్డుతో తంటాలు పడి కలిపి, గుడ్డ వాసెన కట్టింది.

మర్నాడు పొద్దున్నే మామగారు వచ్చి, వంగి, జాడీ పొట్టకు చెవి ఆనించాడు. లోపలి చప్పుడుకు ఇంట్లో ఒక పేరుంది, జాడీ పలకడం. పులవడం మొదలైన జాడీ లోపల సన్నగా బుసబుసమంటుంది, గుంపుగా పిల్లలు రహస్యాలు చెప్పుకుంటున్నట్టు. మామగారు విని లేచాడు. జాడీ పలకలేదు. మరునాడూ అంతే. ఆ పై రోజు ఇంకాస్త ఎక్కువసేపు విన్నాడు. ఆమె కూడా ఆయన వెళ్ళాక రహస్యంగా వెళ్ళి చెవి పెట్టింది. చెవికి చల్లగా తగిలింది పింగాణీ, అంతే. ఆస్పత్రిలో ఉన్నా మనసు జాడీ దగ్గరే. ఇంట్లో ఎవరికీ ఇవ్వని పని తనకిచ్చాడు. ఏడాదికొక్కసారి వచ్చే పళ్ళు. అవి కాస్తా తన చేతిలో పడి మూగబోయాయి.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి మామగారు జాడీ పక్కన పీట వేసుకుని ఉన్నాడు.

"పిప్పి కడిగావా?"

"కడిగాను మామయ్యా."

"చన్నీళ్ళతోనా?"

"మరిగే నీళ్ళతో." మిగతాది కూడా చెప్పేసింది. "రెండుసార్లు."

ఆయన ఎడమచేత్తో గడ్డం గోక్కున్నాడు. "తోలు మీది బూడిదలోనే ఉంటుంది ప్రాణం. అది పోతే పులవదు." లేచి, పీట గోడకు ఆనించి, "వచ్చే ఏడు చూద్దాంలే" అని లేతు షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అప్పుడు తెలిసింది కోడలికి. వంటింట్లోకొచ్చి ముఖం కడుక్కుంది. అత్తగారు ఐసు గిన్నె ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది.

"గట్టిగా తిట్టినా బాగుండును కదే?"

"అవునత్తయ్యా."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నాదీ అదే ఏడుపు. తిట్టే మొగుడైతే ఎదురు తిట్టొచ్చు. ఈయన్ని ఏం చేస్తాం? కాస్త ఐసు తిను."

తినబుద్ధి కాలేదు. జాడీ ఖాళీ చేద్దామని సామాన్ల గదిలోకి వెళ్ళింది. గుడ్డ విప్పింది. వాసన బాగానే ఉంది, తియ్యగా, ఉడికిన పండు వాసన. బూజు చాయ లేదు. ఆ పంచదార నీళ్ళలో తన ముఖం తనకే కనిపిస్తూ ఉంటే, కిటికీ బయట పందిరి మీద పిట్ట ఒకటి టిక్కు టిక్కుమని దేన్నో పొడుస్తున్న చప్పుడు.

కోడలు గుడ్డ అలాగే వదిలేసి షెడ్డుకు పరుగెత్తింది. మామగారు ఆగిపోయిన మిషను ముందు కూర్చుని, చెయ్యడానికేమీ లేక ఉలులు తుడుస్తున్నాడు.

"మామయ్యా, పైన పిట్టల గుత్తి ఉందిగా. దాన్నెవరూ కడగలేదు."

ఆయన తలెత్తలేదు. "అది వాటిది."

"అంతా వద్దు. సగం చాలు."

ఉలి తుడవడం ఆగింది. ఈ ఇంట్లో ఏడాదిగా ఆమె నేర్చుకున్న చదువు ఒక్కటే, మామగారి మౌనాలు. వద్దనే మౌనానికి ఆయన పెదవి బిగుస్తుంది. ఇప్పుడు బిగవలేదు. వేళ్ళతో ఉలి అంచు తడుముతూ చాలాసేపు ఉండి, చివరకు లేచి, మూలనున్న నిచ్చెనను ఎడంచేత్తో బరబరా ఈడ్చుకుంటూ బయటికి నడిచాడు.

నిచ్చెన కింద మొగుడు పట్టుకున్నాడు, పైకి ఆమె ఎక్కింది. అత్తగారు గిన్నెతో సహా పెరటి గుమ్మంలోకొచ్చి కూర్చుంది.

"కత్తెర ఉడికించావా నర్సమ్మా?" అన్నాడు మొగుడు.

"నిచ్చెన సరిగా పట్టుకోండి. పడితే మీ నాన్నకీ నాకూ కలిపి మీరే వండి పెట్టాలి."

"అదేదో చూడాల్సిందే. వదిలెయ్యరా నిచ్చెన!" అంది అత్తగారు.

గుత్తి ఆకుల చాటున ఉంది. పిట్ట గోడ మీదికి ఎగిరి, అక్కడినుంచి ఆమెను నానా మాటలూ అంటోంది. పొడిచినవి, ఎండినవి పోను మంచి పళ్ళు ఇంకా ఉన్నాయి. ఒక్కొక్క దాని మీదా ఆ తెల్లటి బూడిద, వేలితో తాకితే గీత పడేంత. కత్తెరతో సగం కోసింది. మిగతా సగంలో బాగున్న పళ్ళే ఎక్కువుండేటట్టు చూసి కోసింది. మామగారు కిందినుంచి అది గమనించాడు.

"చేతులు కడుక్కో. పళ్ళు కడగకు" అన్నాడు.

సాలెపోగుతో సహా ఆ పళ్ళను పిసకడం ఆమెకు అంత సులువు కాలేదు. కళ్ళు మూసుకుని పిసికింది. గాజు గ్లాసులో గోరువెచ్చటి పంచదార నీళ్ళు, అందులో పళ్ళు, పైన గుడ్డ. వెచ్చగా ఎక్కడ పెట్టాలా అని చూసి, ఫ్రిజ్ వెనక గోడకూ దానికీ నడుమ సందులో, చెయ్యి పెడితే వేడి తెలిసే చోట దించింది. ముందువైపు అత్తగారి ఐసు గడ్డకడుతోంది.

రెండు రోజులు గ్లాసు మామూలుగానే ఉంది. ఆ తర్వాత ఓ పొద్దున, టీ పెట్టడానికి వచ్చి వంగి చూస్తే, పైన గులాబీరంగు నురగ. పళ్ళు పైకి తేలి ఊగుతున్నాయి. గ్లాసు పట్టుకుని పరుగెత్తకుండా నడవడానికి ఆమె చాలా కష్టపడింది. మామగారు వాసన చూశాడు. జాడీ గుడ్డ విప్పి దాని వాసన కూడా చూశాడు.

"గుడ్డిలో మెల్ల" అన్నాడు. "ఇన్నాళ్ళూ పులవని పిప్పికి ఈపాటికి బూజు పట్టాలి. నువ్వు ఉడికించావు కనక పట్టలేదు. ఇది జాడీలో పొయ్యి."

పోసింది. కలిపింది. వాసెన కట్టింది.

మరుసటి పొద్దున మామగారు వచ్చేసరికి కోడలు ముందే మోకాళ్ళ మీద కూర్చుని జాడీకి చెవి ఆనించి ఉంది. చప్పుడు చెయ్యొద్దని ఆయనకు వేలు చూపించింది. ఆయన గడపలోనే ఆగి, తర్వాత మెల్లగా వచ్చి, జాడీకి రెండోవైపు వంగి తన చెవి కూడా పెట్టాడు. లోపల పిల్లల గుంపు రహస్యాలు మొదలుపెట్టింది.

డ్యూటీకి బయలుదేరుతూ కొడుకు తొంగి చూశాడు. "ఎవరు ఫోను? నాకైతే లేనని చెప్పండి."

"పో" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆ తర్వాత రోజూ కలపడం ఆమె పనే. తెడ్డు పొడుగు, చంకలోకి పొడుచుకుంటుంది. అయినా ఎవరితోనూ అనలేదు. మామగారి చేతి కట్టు విప్పిన రోజున, ఇంటికొస్తూనే ఆయన షెడ్డులో దూరాడు. చాలా రోజుల తర్వాత మిషను చప్పుడు విని అత్తగారు, "చెయ్యి మానీ మానకముందే! ఎవరి మంచంకోళ్ళు విరిగాయట?" అని కేకేసింది. మిషను ఆగలేదు. కొత్త కట్టుడుపళ్ళతో ఆవిడ ఆవేళ జామకాయ కొరికి చూసి, ఎందుకొచ్చిన గొడవని మళ్ళీ ఐసు గిన్నె అందుకుంది.

సాయంత్రం కోడలు సామాన్ల గదిలోకి వెళ్తే పాత తెడ్డు అక్కడ లేదు. జాడీకి ఆనించి ఇంకోటి ఉంది. తాజా చెక్క వాసన, పైన పట్టుకునే చోట సన్నగా తీసిన నడుము. నిలబెట్టి చూసుకుంది. సరిగ్గా తన మోచేతి ఎత్తు.

దాన్ని వంటింట్లోకి తెచ్చి పెద్ద గిన్నెలో నీళ్ళు పొయ్యి మీద పెట్టింది.

వెనక గుమ్మంలోంచి మామగారి గొంతు వినబడింది. "దాన్ని ఉడికించుకో. పరవాలేదు."