పెద్దకోడలి తుమ్ము

పెద్దకోడలికి అన్యాయం జరిగింది మార్చి పన్నెండో తేదీ పొద్దున, ఏడున్నరకి. చేసింది మరిది. వెనకేసుకొచ్చింది అత్త. మొగుడు ఎప్పటిలాగే చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

బైండింగ్ షాపులో పుస్తకాలు కుట్టడం ఆమె పని. అక్కడే కట్టర్ మిషను మీద కాగితం కొయ్యడం మరిది పని. కాగితం దుమ్ము పదేళ్లుగా ఆమె ముక్కులో కాపురం పెట్టింది. ఆమె తుమ్మితే చుట్టుపక్కల కదులుతున్న వస్తువులన్నీ మూడు లెక్కపెట్టేంతసేపు ఆగిపోయేవి. ఫ్యాను రెక్కలు, కుళాయి ధార, మెట్ల మీద దొర్లే గిన్నె. ఇంట్లోవాళ్లకి ఇది కరెంటు లాంటి సౌకర్యం. "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయి, ఓ తుమ్ము తుమ్ము" అనేది అత్త. బస్సు కదిలిపోతుంటే మొగుడు సందు చివర్నించి "తుమ్మవే!" అని కేకేసేవాడు. ఆ కళ్లు కారడం, ఆ నిద్రలేని రాత్రులు మాత్రం ఎవరికీ పట్టలేదు. తుమ్మితే ఊడే ముక్కయితే ఏనాడో ఊడి పీడ వదిలేది.

చివరికి డాక్టరు ముక్కులో కొట్టుకునే మందు రాశాడు. మందుల షాపామె ఒకటికి మూడుసార్లు చెప్పింది. "ముందు ముక్కు చీదుకో. తల కాస్త ముందుకి వంచు, ఆకాశం చూడకు. చీటీలో రాసినన్నే కొట్టు. గట్టిగా పీల్చావంటే గొంతులోకి దిగి చేదు. మగత రావచ్చు, నీకెలా ఉంటుందో తెలిసేదాకా మిషన్లు ముట్టుకోకు. నీ సీసా ఇంకొకరి ముక్కులో పెట్టనివ్వకు."

అలాగే చేసింది. ఇరవై రోజులు తుమ్మలేదు, కంటినిండా నిద్రపోయింది. ఇంట్లో పాలు నాలుగుసార్లు పొంగిపోయాయి. అత్త మాట్లాడడం మానేసింది.

ఆ పొద్దున సీసా ఎత్తితే ఖాళీ.

"నాకూ ముక్కు కారుతోంది వదినా" అన్నాడు మరిది. "కొట్టుకున్నా. చేదంతా గొంతులోకి పోయింది. పనిచెయ్యలేదనుకుని మళ్లీ కొట్టా."

"తల వెనక్కి వాల్చావా?"

"వాల్చకపోతే లోపలికెలా పోతుంది?"

"ఎన్నిసార్లు కొట్టావు?"

"అడుగున ఉన్నదంతా."

"నీకు ఏ డాక్టరు చెప్పాడు? నా ముక్కులో పెట్టుకునేది నీ ముక్కులోనా?"

"ఒకే ఇంటి ముక్కులేగా!" అంది అత్త, ఇన్నాళ్ల మౌనం వదిలి. "ఈ ఇంట్లో దువ్వెనొకటే, సబ్బొకటే. సీసాకి రాద్ధాంతమా? నువ్వు తుమ్మితే మా పాలైనా దక్కుతాయి."

"అత్తయ్యా, వాడికి మగతొస్తుంది. ఇవాళ కట్టర్ మిషను దగ్గరికి పంపకండి."

"మందు లేకుండానే వాడెప్పుడూ మగతగానే ఉంటాడు" అన్నాడు మొగుడు. నవ్వారు. ముగ్గురూ నవ్వారు.

చచ్చినా ఇవాళ తుమ్మనని ఆమె ఒట్టేసుకుంది. మందుల షాపు తెరిచేది పదింటికి, పనికెక్కేది ఎనిమిదింటికి. షాపులో మేస్త్రికీ చెప్పి చూసింది. "సాయంత్రానికి వెయ్యి నోటుపుస్తకాలివ్వాలమ్మా, కాగితం కొయ్యడానికి ఇంకెవడున్నాడు?" అన్నాడాయన. చెవిటివాడి ముందు శంఖమూదినట్టే.

కుడుతూ కూర్చుంది. ముక్కులో చీమలు పాకుతున్నాయి. పెదవి కొరికింది, ముక్కు నొక్కింది, ఒట్టు నిలబెట్టుకుంది. పదకొండు దాటాక తలెత్తి చూస్తే ఎదురుగా మరిది గడ్డం రొమ్ముకి ఆనుతోంది. కుడికాలు పెడల్ మీద. ఎడమచెయ్యి బ్లేడు కింద, కాగితాల కట్ట మీద. కాలు బరువెక్కింది. బ్లేడు కదిలింది.

ఒట్టు గట్టున పెట్టి తుమ్మింది.

బెల్టులు, ఫ్యాన్లు, దారపు ఉండలు ఆగాయి. వాడి వేళ్ల మీద గోరంత ఎత్తులో బ్లేడూ ఆగింది. ఒకటి. బల్ల మీంచి దూకింది. రెండు. కాలరు దొరికింది. మూడు. లాగింది. ఇద్దరూ తుక్కు కాగితాల మీద పడ్డారు. వెనక బ్లేడు ధన్‌మని దిగింది.

"ఏమైంది వదినా?" అన్నాడు కళ్లు నులుముకుంటూ.

"నీ మొహం!" అంది. వాడి అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసింది.

మరిదిని డాక్టరు దగ్గరికి పంపడానికి మేస్త్రి బండి పిలిచాడు. తర్వాత ప్రమాదాల పుస్తకం తెచ్చి కలం తీశాడు. ఆమే లాక్కుని, కాగితం చిరిగేలా నొక్కి రాసింది:

పదకొండూ ఇరవై. మందు నాది. వాడింది మా మరిది. చెప్పినా విననివాళ్లు నలుగురు. తెగినవి తొంభై రెండు కాగితాలు. వేళ్లు పదికి పది.