గడ్డి ముద్దాయి తొడుక్కున్న కోటు

ముద్దాయి పారిపోయాడు.

పారిపోవడం అతనికి అంత తేలిక కాదు. ఒళ్లంతా గడ్డి, కాళ్లలో ఎముకలు లేవు, రెండు చేతులూ వెనక్కి విరిచి కట్టేసి ఉన్నాయి. అయినా చర్చి ముందు కొయ్యకు వేలాడాల్సిన గడ్డిబొమ్మ పుస్త్ అక్కడ లేడు. కొయ్య ఉంది, తాడు ఉంది, ముఖాలకు మసి పూసుకున్న ఊరంతా ఉంది. గొర్రెతోళ్లు కప్పుకుని నడుముకు గంటలు కట్టుకున్నవాళ్లు మోగించడం మానేసి నిలబడ్డారు. రేపటి నుంచి ఉపవాస దినాలు. చీకటి పడేలోగా విచారణ జరిపి, పుస్త్‌ను తగలబెట్టి, బూడిద సముద్రంలో కలపకపోతే ఏడాది పాపమంతా ఊళ్లోనే ఉండిపోతుంది.

నేను ముద్దాయి తరఫు వకీలును. మిగతా రోజుల్లో రొట్టెలు కాలుస్తాను. ప్రతి ఏడూ వాదిస్తాను, ప్రతి ఏడూ ఓడిపోతాను, నా కక్షిదారుడు కాలిపోతాడు. ఇంతవరకూ వాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు.

న్యాయమూర్తి యెర్కో. ఆలివ్ గానుగ యజమాని. విచారణ రోజు భార్య కిటికీకి కట్టే ఎర్ర తెర కప్పుకుని పీపా మీద కూర్చుంటాడు. చిన్నప్పుడు విరిగి అతుక్కున్న ఎడమ చెయ్యి పొట్టిది. కుడిచేతి మీద వేడినీళ్లు పడ్డాయని చలికాలమంతా దానికి గుడ్డ చుట్టుకు తిరిగాడు. ఎప్పుడూ వైన్ తాగుతూ నింపాదిగా తీర్పు చెప్పే మనిషి ఆ రోజు గ్లాసు ముట్టలేదు. బొమ్మ ఎక్కడ దొరికితే అక్కడే తగలబెట్టేయమని గంటలవాళ్లను పురమాయించాడు. విచారణ అక్కర్లేదన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నా వాదన వినకుండానా?"

"ఏనాడు విన్నాంలే, బేపో," అన్నాడు యెర్కో.

జనం నవ్వారు. అతను నవ్వలేదు.

ఈ ఏటి అభియోగాల్లో పెద్దది ఒకటే. ద్రాక్షకోతలు అయిన కొత్తలో రేవులో వలల కొట్టు కాలిపోయింది. ఊరందరి వలలూ అందులోనే ఉండేవి. సార్డీన్ చేపల అదునంతా ఒడ్డున కూర్చుని చూశాం. ఆ వారం కొట్టు తాళం దింకో దగ్గర ఉంది. దింకో సిగరెట్లు తాగుతాడు. ఊరికి ఇంకే సాక్ష్యమూ అవసరం పడలేదు. అతన్ని క్షమించేశామని, కాకపోతే పడవలో అతని చోటు వేరేవాళ్లకు ఇస్తున్నామని పడవలవాళ్లు చెప్పేశారు. పుస్త్ మీద మోపిన నేరం పుస్త్‌తోనే కాలిపోతుంది. ఆ తర్వాత దాని ఊసెత్తకూడదు. తాను చేయలేదని చెప్పుకోవడానికి దింకోకు మిగిలింది ఆ సాయంత్రమే.

గంటలవాళ్లు కొండ వైపు ఉరికారు. ముద్దాయిని ఊరేగించే గాడిద కూడా కనిపించడం లేదని నేను గమనించాను. అది దింకో గాడిద. బొమ్మను దాచవచ్చు కానీ గాడిదను దాచడం కష్టం. రేవు దగ్గర అది అరుస్తూనే ఉంది.

కాలిన కొట్టు గోడల మధ్య దింకో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నా కక్షిదారుడు, చేతుల కట్లు విప్పుకుని.

"వీణ్ణి కాల్చనివ్వను మావా," అన్నాడు దింకో. "చెయ్యని తప్పుకి నాకు క్షమాపణలేంటి? ఆ కోటు చూడు."

పుస్త్‌కు ఇంటికొక పాత బట్ట ఇవ్వడం మా ఆచారం. పెరీనా అనే ముసలావిడ వాటిని పోగుచేసి కుడుతుంది. ఏది ఎవరిదో ఫాదర్ అడిగినా చెప్పదు. అన్నీ చిరిగినవీ మాడినవీ కాబట్టి ఎవరూ పరీక్షగా చూడరు. ఆ కోటు గొర్రెతోలుది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. ద్రాక్షపిప్పితో కాచిన సారా వాసన ఇంకా వదల్లేదు. ఎడమచెయ్యి జానెడు పొట్టిగా మడిచి నీటుగా కుట్టి ఉంది. ఇన్నాళ్లూ ఆ కోటు ఊరందరి కళ్ల ముందే వేలాడినా, చేతులు వెనక్కి కట్టి ఉండటంతో ఎవరూ గుర్తుపట్టలేదు.

నేను పుస్త్ చేతులు మళ్లీ వెనక్కి కట్టేశాను. దింకో అభ్యంతరం చెప్పబోయాడు. విచారణ పద్ధతి ప్రకారం జరగాలన్నాను.

గాడిద మీద ముద్దాయి రావడం చూసి జనం కేరింతలు కొట్టారు. యెర్కో కాగడా తెమ్మన్నాడు.

"ముందు ముద్దాయి చేతులు విప్పాలి," అన్నాను.

"గడ్డిబొమ్మకి చేతులు విప్పితే ఏంటి, కడితే ఏంటి?"

"అయితే విప్పుతా."

తాడు లాగాను. రెండు చేతులూ ముందుకు వాలాయి. ఒకటి కాలింది, ఒకటి పొట్టిది. ముందు వరసలో నవ్వు ఆగింది, తర్వాత వెనక వరసల్లో. చూపులన్నీ కోటు మీంచి పీపా మీదికి వెళ్లాయి. ఎర్ర తెర కింద పొట్టి చెయ్యి లోపలికి జరిగింది.

"నేను నోరు విప్పలేదని అందరూ చూస్తున్నారుగా," అంది పెరీనా, తీపి ఉండ నములుతూ.

యెర్కో భార్య ముందుకొచ్చి ఆ మడతను వేలితో తడిమింది. "ఈ కుట్టు నాదే. చిమ్మటలు కొట్టేశాయి, పారేశానన్నావు." కాలిన చేతిని వాసన చూసింది. "సారా బట్టీ ఇంట్లో పెట్టొద్దన్నాను. వలల కొట్లో పెట్టమన్నానా?"

కొట్టు వెనక చెక్క ఒకటి ఊడేదని, తాళం అక్కర్లేదని యెర్కో ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

న్యాయమూర్తి లేచి నిలబడి దోషి పేరు, తండ్రి పేరుతో సహా అందరికీ వినబడేలా చెప్పాకే కాగడా అంటించాలి. ఏటా చెప్పేది ఒకటే, దోషి పుస్త్, తండ్రి గడ్డివాము అని. ఆ మాటే మళ్లీ చెబుతాడేమోనని దింకో గాడిద పక్కన బిగుసుకుపోయి ఉన్నాడు.

"వలల కొట్టు కాల్చింది నా కక్షిదారుడు కాదు," అన్నాను. "దోషి పేరు చెప్పండి."

యెర్కో తెర తీసి మడతపెట్టి భార్య చేతికిచ్చాడు. దింకో వైపు తిరిగాడు.

"దోషి యెర్కో," అన్నాడు. "తండ్రి నికోలా."