గంజాయి క్విజ్‌లో ఎనిమిదో ప్రశ్న

ఆదివారం సాయంత్రం నాలుగింటికి క్విజ్. మూడున్నర నుంచే అక్క కాలుగాలిన పిల్లిలా వంటగదిలో తిరుగుతోంది. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. టీ పెట్టుకుని తాగడం మరిచిపోయింది. ఫోన్ చూసింది, బోర్లా పెట్టింది, మళ్లీ తీసి చూసింది.

ఆన్‌లైన్ గ్రూపులో రెండొందల పదిమంది ఉన్నారు. అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. నిజంగా అలా పిలిచే హక్కున్నవాడు ఒక్కడే. వాడు పక్కగదిలో మంచం మీద పడుకుని ఉన్నాడు. గ్రూపులో వాడి పేరు స్క్రూడ్రైవర్. వాళ్లిద్దరూ ఒకే కప్పు కింద ఉంటారని అక్కడెవరికీ తెలియదు.

గ్రూపుకి మూడు కట్టుబాట్లున్నాయి. పోయినవారం గెలిచినవాళ్లు ఈ వారం విషయం చెప్పాలి. జవాబు మీద పేచీ పెట్టినవాళ్లు ఆధారం చూపాలి. క్విజ్ నడిపేవాళ్లదే పొరపాటని తేలితే, సాకులేమీ చెప్పకుండా ‘నాది తప్పు’ అని రాయాలి. మూడూ పెట్టింది అక్కే. కాలేజీ లైబ్రరీలో పని చేసే మనిషి, రెండు చోట్ల సరిచూసుకోకుండా ఏ జవాబూ ఒప్పుకోదు. మూడేళ్లలో ఆ రెండు మాటలు రాయాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. దాని మీద కాస్త గీర కూడా ఉంది.

పోయినవారం గెలిచింది కందిరీగ. ఎవరో ఏమిటో తెలియదు గానీ, పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. ఆ మహానుభావుడు కోరిన విషయం గంజాయి. అక్కకి గుండెల్లో రాయి పడ్డట్టయింది. కాదనడానికి నోరు లేదు, కట్టుబాటు తనదే.

తమ్ముడు ఫ్రిజ్ మెకానిక్. కొన్నేళ్ల పాటు గంజాయి తాగాడు. ఎనిమిది నెలల కిందట అక్క వాడి జేబులు తడిమి, పొట్లం బయటికి తీసి, నోటికొచ్చినట్టల్లా తిట్టింది. వాడు వెళ్లిపోయి పదకొండు రోజులు కనపడలేదు. తిరిగొచ్చి మానేశాడు. అడిగింది ఒకటే: “ఇంకెప్పుడూ నా జేబులు వెతకొద్దక్కా. అనుమానమొస్తే నన్నే అడుగు.” సరేనంది.

నాలుగు రోజుల కిందట, ఒకటో తారీకున, బాత్రూం బుట్టలో చిన్న ప్లాస్టిక్ స్ట్రిప్పు కనిపించింది. గంజాయి పరీక్షదని దాని మీదే రాసి ఉంది. మధ్యలో రెండు గీతలు. పెళ్లయిన కొత్తలో గర్భం పరీక్షలో అలాంటి రెండు గీతల కోసం ఎన్ని పొద్దులు ఎదురు చూసిందో ఆమెకే తెలుసు. రెండు గీతలంటే ఉన్నట్టే కదా! వాడు డ్యూటీకి వెళ్లగానే ప్యాంట్లన్నీ దులిపింది. రెండు మరమేకులు తప్ప ఏమీ దొరకలేదు. దొరకలేదంటే ఎంత జాగ్రత్తగా దాస్తున్నాడో అనుకుని మరింత కుమిలిపోయింది.

అడగాలంటే నోరు పెగల్లేదు. అడిగితే మళ్లీ పోతాడు, ఈసారి పదకొండు రోజులతో ఆగడు. అడక్కపోతే కళ్లముందే మునిగిపోతాడు. రెండొందల మందిని ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసే మనిషి తమ్ముణ్ని ఒక్క ప్రశ్న అడగలేక, ఆ ఒక్కటీ క్విజ్‌లో ఎనిమిదోదిగా చేర్చింది. తడుముకోకుండా చెప్పాడంటే మళ్లీ తాగి, పరీక్షలో ఎన్నాళ్లకి బయటపడదా అని రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టే అనుకుంది. ఇదీ ఆమె తెలివి.

నాలుగైంది. మొదటి ప్రశ్న పెట్టగానే తన ఫోనూ, గోడ అవతల ఇంకో ఫోనూ ఒకేసారి టింగుమన్నాయి. ఈ జాతి మొక్క నారతో ఓడలకి ఏం పేనేవారు? మోకులు. బీరులో వేసే ఏ మొక్క దీనికి దగ్గరి చుట్టం? హాప్స్. స్క్రూడ్రైవర్ ఒకటి చెప్తాడు, రెండు వదిలేస్తాడు. ఆడమొక్కా మగమొక్కా వేరువేరుగా ఉంటాయా అంటే మాత్రం అందరికంటే ముందు అవునన్నాడు.

కందిరీగ ఊరుకుంటాడా? “స్క్రూడ్రైవర్ గారికి అనుభవం దండిగా ఉన్నట్టుందే!” ముప్ఫైమంది నవ్వుల బొమ్మలు పెట్టారు. అక్కకి ఒళ్లు మండిపోయింది. ఆ ముప్ఫైమందినీ గెంటేద్దామనుకుంది. గోడ అవతల మంచం కిర్రుమంది, అంతే.

ఎనిమిదో ప్రశ్న రెండుసార్లు చదువుకుని పెట్టింది. బాగా అలవాటున్న మనిషి మానేశాక, మూత్ర పరీక్షలో ఎన్నాళ్ల దాకా బయటపడొచ్చు?

“ముప్పై రోజులు,” కందిరీగ.

“సరైన జవాబు,” అని రాసింది అక్క. తమ్ముడు నోరెత్తలేదు. ఆమెకి ఊపిరి తేలికైంది. అర నిమిషమైనా కాలేదు, టింగుమంది.

“కాదు. ముప్పై దాటుతుంది. నలభై,” స్క్రూడ్రైవర్.

“ఆధారం?” కందిరీగ రెక్క విప్పాడు.

అక్క లేచి నిలబడింది. ‘వద్దురా, రాయకురా’ అని పైకే అనేసింది. గోడకి వినపడిందో లేదో, ఫొటో వచ్చేసింది. చెప్పుల పెట్టె మూత. దాని మీద వరసగా అతికించిన స్ట్రిప్పులు, ఒక్కోదాని కింద వాడి గుండ్రటి చేతిరాతలో తారీకు. నలభై స్ట్రిప్పుల మీద ఒక్కటే గీత. నలభై ఒకటో దాని మీద రెండు.

“ఆధారం నేనే,” అని రాశాడు. “మానేసిన రోజు నుంచి రోజుకొకటి. ఇప్పటికీ ప్రతి ఒకటో తారీకున ఒకటి చూసుకుంటాను.”

“రెండు గీతలంటే ఉన్నట్టు కదండీ?” కందిరీగ మొదటిసారి మర్యాదగా అడిగాడు.

“కాదండీ. ఇందులో ఒక్కటే ఉంటే ఉన్నట్టు. రెండుంటే లేనట్టు.”

అక్క కుర్చీలో కూలబడింది. ప్రతి జవాబునీ రెండు చోట్ల వెతికే మనిషి, ఈ ఒక్కటీ ఎక్కడా వెతకలేదు. గ్రూపులో ఎవరూ నవ్వడం లేదు. అందరూ తీర్పు కోసం చూస్తున్నారు. కళ్లు తుడుచుకుని, మూడేళ్లలో మొదటిసారి టైపు చేసింది: నాది తప్పు.

గోడ అవతల టింగుమంది. కాసేపటికి తమ్ముడి గొంతు, ఫోన్‌లోంచి కాదు, గదిలోంచే వచ్చింది.

“ఏ ప్రశ్నకక్కా?”

ఆమె వెళ్లి గుమ్మంలో నిలబడింది. “బుట్టలో స్ట్రిప్పు చూశాన్రా. జేబులు కూడా వెతికాను.”

“తెలుసు. ప్యాంట్ల మడతలు మారిపోయాయిగా.” వాడు కాళ్లు ముడుచుకుని మంచం మీద చోటిచ్చాడు. “నాలుగు రోజుల్నుంచి చూస్తున్నా, నన్నెప్పుడు అడుగుతావా అని.”

రెండు ఫోన్లూ టింగుమంటూనే ఉన్నాయి. తొమ్మిదో ప్రశ్న ఏదని కందిరీగ అడుగుతున్నాడు. అక్క ఫోన్ పక్కన పెట్టి, మంచం మీద కూర్చుని, నాలుగు రోజులు ఆలస్యంగా అడిగింది.

“ఎలా ఉన్నావురా?”