రెండో బ్రౌజర్

రెండు వేల ఇరవై నాలుగో సంవత్సరం, ఆగస్టు నెల పద్నాలుగో తేదీ, బుధవారం ఉదయం ఎనిమిదిన్నర గంటలకు, నరసరావుపేట బరంపేటలోని ఆ డాబా ఇంటి వంటగదిలో హాజరుగా ఉన్నవారు ముగ్గురు. బల్ల ముందు కూర్చుని పెసరట్టు తింటున్న త్రికోటేశ్వరరావు, యాభై మూడేళ్లవాడు, వృత్తిరీత్యా దస్తావేజు లేఖరి. గడపకు ఆనుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న ఆయన తల్లి నాగరత్నమ్మ. పొయ్యి దగ్గర నిలబడి మూడో అట్టు తిరగేస్తున్న ఆయన భార్య ఝాన్సీలక్ష్మి, నలభై ఆరేళ్లది, తెలుగు ఎం.ఏ. వేరే సాక్షులు లేరు.

త్రికోటేశ్వరరావు ఎడమచేతి బొటనవేలితో ఫోను పైకి తోస్తూ, కక్షిదారులకు దస్తావేజు చదివి వినిపించే గొంతుతోనే చదివాడు.

"ఏమే, ఇదేందే? 'గర్భసంచి తీయకుండా రక్తస్రావం తగ్గే మార్గాలు.' నిన్న మధ్యాహ్నం పన్నెండూ నలభై. దాని పైన ఇంకోటి. 'గర్భసంచి తీయించుకున్నాక వచ్చే ఇబ్బందులు.' పన్నెండూ నలభై ఆరు. రెండింటికి రిజిస్ట్రేషన్ పెట్టుకోని, ఆ దానపత్రం టైపు చెయ్యకుండా నువ్వు చేసేది ఇదా?" తల్లి వైపు తిరిగాడు. "నీ కోడలు డాక్టరు చదువు చదువుతుందమ్మా."

"ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం," అంది నాగరత్నమ్మ, కాయ మీంచి చూపు ఎత్తకుండా. "ఈ ఏడు గూడా పీట మీద కూర్చునే రాత ఉన్నట్టు లేదు."

అట్టు అంచు మాడింది. ఝాన్సీ దాన్ని తన పళ్లెంలో వేసుకుని, ఇంకో గరిటె పిండి పోసింది. "నేను అది చూశానని మీకెవరు చెప్పారు?"

"ఒకళ్లు జెప్పేదేంది. నాకు తెలుస్తది." ఆయన చెయ్యి కడుక్కున్నాడు. "వచ్చే బుధవారం ఆపరేషను. డాక్టరు మాట్లాడాడు, నేను మాట్లాడాను, అయిపోయింది. నెలకి పది రోజులు కుర్చీలో కూర్చోలేనంటే నా ఆఫీసు నడిచేదెట్టా? తీయించేస్తే నెల తిరిగేసరికి మళ్లీ టైపు చేసుకోవచ్చంట."

ఆ ఆఫీసు నిజానికి రెండు చోట్ల ఉంది. రిజిస్ట్రారాఫీసు ఎదుట రేకుల పందిరి కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, ఆయన పేరున్న బోర్డు. ఇంట్లో పడమటి గదిలో కంప్యూటరు, ప్రింటరు, ఝాన్సీ. ఆయన పొద్దున ఫోనులో పంపే నాలుగు ముక్కల నుంచి, సర్వే నంబర్లూ నాలుగు వైపుల హద్దులూ కక్షిదారుల తండ్రుల పేర్లూ తప్పు లేకుండా, కోర్టులో వాదనకు నిలిచేట్టుగా వాక్యం కట్టడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా, మొదట కలంతో, తర్వాత కీబోర్డుతో. ప్రతి దస్తావేజు చివర 'రాసినవారు' అన్న మాటకు ఎదురుగా ఆయన పేరు టైపు చేసేది కూడా ఆమే. "మా ఆవిడ ఇంట్లో ఖాళీయే గదా, కాస్త టైపు కొట్టి పెడతది," అని ఆయన అందరితో అంటాడు. సంతకానికి వచ్చిన ముసలమ్మలను మాత్రం గట్టిగా హెచ్చరిస్తాడు: "చదివించుకోకుండా యేలిముద్ర ఎయ్యకు పెద్దమ్మా. రేపు నన్ననొద్దు." ఆ మాటకు బజారంతా ఆయన్ను మెచ్చుకుంటుంది.

ఆయన వెళ్లాక ఝాన్సీ అంట్లు తోముతూ పన్నెండూ నలభై ఆరు గురించే ఆలోచించింది. ఆ సమయానికి అత్తగారు నిద్రలో ఉంది. పడమటి గది తలుపు వేసి ఉంది. నిమిషంతో సహా ఆయనకెలా తెలిసింది? మధ్యాహ్నం విశాఖలో ఇంజనీరింగు చదువుతున్న కూతురు లహరికి ఫోను చేసి, ఏదో కక్షిదారు సందేహం అడిగినట్టు అడిగింది.

"అమ్మా, కంప్యూటర్ కొన్నప్పుడు బ్రౌజర్ నాన్న మెయిల్‌తో తెరిచారు. నువ్వు అందులో ఏం వెతికినా నాన్న ఫోన్లో హిస్టరీలో కనిపిస్తది. నీకు తెలుసనుకున్నా."

"ఎన్నాళ్ల నుంచి?"

"కొన్న రోజు నుంచీ. ఆరేళ్లు."

ఫోను పెట్టేశాక ఝాన్సీ కుర్చీలోంచి లేవలేదు. ఆరేళ్లంటే ఎన్ని మధ్యాహ్నాలో లెక్కవేయడం ఆమెకు ఇష్టం లేకపోయింది, కానీ అవి పిలవకుండానే ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలబడ్డాయి. నాలుగేళ్ల కిందట ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరర్లు కావాలన్న ప్రకటన చూసింది; ఇంట్లో ఎవరికీ చెప్పలేదు; ఆ రాత్రి అన్నం కలుపుకుంటూ ఆయన, "ఈ వయసులో ఎవడిస్తాడే ఉద్యోగాలు, పిల్లలే ఖాళీగా తిరుగుతుంటే," అన్నాడు, ఎవరి గురించో అన్నట్టు. ఒక చలికాలం, పొద్దున లేవగానే కారణం లేకుండా ఏడుపెందుకు వస్తుందని వెతికింది. మర్నాడు ఆయన చామంతిపూలు తెచ్చి, "మనసు బాగోకపోతే కోటప్పకొండకి పోయొద్దాం పద," అన్నాడు. ఆ పూలు పెట్టుకుని, చెల్లెలికి ఫోను చేసి, "మా ఆయన పైకి అట్లా ఉంటాడు గాని, నేను నోరు తెరవకముందే నా మనసు కనిపెడతాడు," అని చెప్పుకుంది. కాపురంలో ఆమె నలుగురికీ చూపించుకోగలిగినది అదొక్కటే. చదువు పనికి రాలేదు, పని పేరుకు రాలేదు, కానీ అడగకముందే తెలుసుకునే మొగుడు దొరికాడని ఆరేళ్లు గర్వపడింది. ఆయన కనిపెట్టిందేమీ లేదు. రాత్రి పూట పడక మీద వెల్లకిలా పడుకుని, బొటనవేలితో తోసుకుంటూ ఆమెను చదివాడు. పూలు కూడా అలా చదివి తెచ్చినవే.

ఏడుపు రాలేదు. మాడిన అట్టు తిన్నప్పటి చేదులాంటిదేదో నోట్లో ఉండిపోయింది.

సాయంత్రం లహరే మళ్లీ ఫోను చేసింది. "నాన్న మెయిల్ తీసేద్దామా?"

"ఆఫీసు సైట్ల పాస్‌వర్డులన్నీ అందులోనే ఉన్నాయి. తీస్తే వెంటనే తెలిసిపోతుంది."

"పోనీ అందులోనే ప్రైవేట్ విండో తెరుచుకో, అది హిస్టరీలో పడదు."

"ఆయన ఇంట్లో ఒక మూల తెర కట్టుకున్నట్టు ఉంటుందే. వద్దు."

"అయితే నీ రోజువారీకి వేరే బ్రౌజర్ వేసుకో. చానా ఉన్నాయి. నీకెట్లాంటిది కావాలి?"

ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు. చీర రంగు దగ్గర నుంచి ఆపరేషను తేదీ దాకా, అన్నీ నిర్ణయమయ్యాకే ఆమె చెవిన పడ్డాయి. ఎట్లాంటిది కావాలో తేల్చుకోవడానికి, దస్తావేజు చిత్తుప్రతి రాసుకునే పొడవు కాగితం ఒకటి తీసి, నిలువుగా రెండు గీతలు గీసి, లహరి చెప్పిన మూడు బ్రౌజర్లకు మూడు వరసలు చేసింది. మొదటి బ్రౌజరు తెరవగానే సినిమా వార్తలు, బంగారం ధర, వంటింటి చిట్కాలు. మెయిల్ ఇమ్మని మూడుసార్లు అడిగింది. 'అడగకుండా మాట్లాడుతుంది, ఆగకుండా అడుగుతుంది,' అని రాసుకుంది. రెండోది నెమ్మదస్థురాలే గాని, వాళ్ల పాత కంప్యూటరులో తెలుగు ఒత్తుల్ని అక్షరం నుంచి విడదీసి పక్కన పడేస్తోంది. చదువుకున్న భాషను ఆ స్థితిలో చూడలేకపోయింది. మూడోది తెల్లటి ఖాళీ పేజీతో తెరుచుకుంది. మెయిల్ అడగలేదు. సెట్టింగులలో ఒకచోట, మూసినప్పుడల్లా అన్నీ మరిచిపోనా అన్న అర్థం వచ్చే గడి ఉంది. ఝాన్సీ ఆ గడిలో టిక్కు పెట్టి, మూసి, మళ్లీ తెరిచింది. దానికి ఏమీ గుర్తు లేదు. పుట్టింటి నుంచి ఈ ఇంటి దాకా, ఆమె మాటను ఇంకొకరికి చేరవేయకుండా విన్నది అదే మొదలు.

గురువారం రాత్రికి రక్తస్రావం మళ్లీ మొదలైంది. శుక్రవారం వ్రతం నాగరత్నమ్మ చేసుకుంది. మైల కాబట్టి ఝాన్సీ పూజ దగ్గరికి, పొయ్యి దగ్గరికి రాకూడదు. చాప, చెంబు, పళ్లెం పడమటి గదిలో పెట్టారు. కీబోర్డుకు మాత్రం మైల లేదు. త్రికోటేశ్వరరావు గుమ్మంలోంచే రెండు తనఖా దస్తావేజుల వివరాలు చెప్పి వెళ్లాడు. ముందు వాటిని పూర్తి చేసింది, పాత బ్రౌజరులో, ఆయన చూసేలా. మధ్యలో గోంగూర పచ్చడి నిలవ ఉండే పద్ధతి కూడా వెతికి పెట్టింది. తర్వాత, పాతదాని పక్కన తనకంటూ ఉంచుకున్న ఆ ఖాళీ పేజీ బ్రౌజరు, తన రెండో బ్రౌజరు, తెరిచింది. తలుపవతల పేరంటాళ్ల పాట, శనగల వాసన; ఇవతల ఆమె తన స్కాను రిపోర్టును ఒక్కో మాటే అర్థం చేసుకుంటూ కూర్చుంది. గర్భసంచిలో ఉన్నది చిన్న గడ్డ. దానికి మందులున్నాయి, వేరే పద్ధతులున్నాయి, ఏది తగునో డాక్టరు పేషెంటుతో మాట్లాడి తేల్చాలి. పేషెంటుతో. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగింది. సాయంత్రానికి తన పేరుతో మెయిల్ తెరిచి, గుంటూరులో ఒక లేడీ డాక్టరు దగ్గర బుధవారం పదకొండు గంటలకు సమయం తీసుకుంది.

సోమవారం మధ్యాహ్నం నాగరత్నమ్మ కాఫీ గ్లాసు తెచ్చి ఇచ్చి, ఎప్పుడూ లేనిది గుమ్మంలోనే కూలబడింది.

"నాకు ముప్పై రెండేళ్లకే తీయించారు."

"మీరు సరేనన్నారా అత్తయ్యా?"

"నన్నెవరడిగారే? మీ మావయ్య యేలు పట్టుకోని ముద్ర ఏయించాడు. కడుపులో గడ్డ తీస్తారు అన్నాడు. సంచీ తీశారని ఏడాదికి తెలిసింది." ముసలామె మోకాలు రాసుకుంది. "అప్పుడు బట్టిన నడుము నొప్పి ఇప్పటికీ వదల్లా. వాడికి చెప్పబోకు ఇయ్యన్నీ. నువ్వు అచ్చరం ముక్క తెలిసినదానివి. చూసుకో."

మంగళవారం మూడింటికి త్రికోటేశ్వరరావు నర్సింగ్ హోమ్ కాగితం తెచ్చి కీబోర్డు మీద పెట్టాడు. భర్త సంతకం ఉండాల్సిన చోట ఆయన సంతకం అప్పటికే ఉంది.

"కింద ఒక సంతకం పెట్టి ఉంచు. నాకు ఆఫీసులో పార్టీ కాసుకోనుంది."

"చదవాలి గదండీ."

"దాంట్లో చదివేదేం ఉందే. అందరూ పెట్టేదే. రేపు ఆరింటికి బయల్దేరాలి, తలంటి పోసుకో."

బండి చప్పుడు వీధి చివర తగ్గేదాకా ఆగి, ఆమె కాగితం చదివింది. తెలుగులోనే అచ్చువేశారు. 'శస్త్రచికిత్స గురించి, దానికి బదులుగా ఉన్న ఇతర పద్ధతుల గురించి నాకు పూర్తిగా వివరించారు. నేను నా ఇష్టపూర్వకంగా సమ్మతిస్తున్నాను.' రెండు వాక్యాలు. వాక్య నిర్మాణంలో దోషం లేదు. రెండూ అబద్ధాలు.

రెండో బ్రౌజరులో డాక్టరు సమయం ఇంకోసారి సరిచూసుకుంది. తొమ్మిదింటికి ఫిరంగిపురం మీదుగా గుంటూరు బస్సు ఉంది. బ్రౌజరు మూసేసింది, అది అన్నీ మరిచిపోయింది. తర్వాత పాత బ్రౌజరు తెరిచింది. వెతికే గడిలో, దస్తావేజుకు కట్టినంత జాగ్రత్తగా ఒక వాక్యం కట్టింది: 'రేపు ఆపరేషనుకు నేను రావడం లేదు, గుంటూరులో వేరే డాక్టరుకు చూపించుకుంటున్నాను, ఇక నా గురించి తెలుసుకోవాలంటే నన్ను అడగండి.' ఎంటర్ నొక్కింది. తెర మీద సంబంధం లేని ఆసుపత్రుల ప్రకటనలు వచ్చాయి. ఆమె వాటిని చూడలేదు. సమయం చూసింది. నాలుగూ పన్నెండు. ఆయన ఆ నిమిషంతో సహా చదువుకుంటాడు.

ఆ తర్వాత స్కేలు తీసి, కాగితంలోని ఆ రెండు వాక్యాల మీద తిన్నగా గీత కొట్టింది. దస్తావేజులో మాట కొట్టేస్తే, కొట్టిన చోట కక్షిదారు సంతకం ఉండాలి, ఎన్ని కొట్టారో చివర లెక్క రాయాలి, లేకపోతే చెల్లదు. రెండు చోట్లా సంతకం పెట్టింది. అడుగున, 'ఈ కాగితంలో కొట్టివేతలు రెండు, నా ఎరుకలో నేను చేసినవి,' అని రాసింది. దాని కింద, ఇరవై రెండేళ్లుగా ఆయన పేరు పక్కన వేస్తూ వచ్చిన మాట రాసి, ఎదురుగా తన పేరు రాసింది. రాసినవారు: ఝాన్సీలక్ష్మి. తేదీ వేసి, సంతకం చేసి, దస్తావేజు మడిచినట్టే నిలువునా మూడు మడతలు పెట్టి, రేపటి ప్రయాణానికి తీసి ఉంచిన చేతిసంచీలో స్కాను రిపోర్టు పక్కన పెట్టి, జిప్పు లాగింది.